సున్నం కింద ఎడ్లు

ఆ రోజుల్లో ఖాళీ గోడ కనిపిస్తే నా చేతులు ఊరుకునేవి కావు. బోధన్‌లో డ్రాయింగ్ టీచరుగా కొత్తగా చేరాను. మూతబడిన చక్కెర ఫ్యాక్టరీ వెనక, కాలువ పొడవునా మసిపట్టిన గోడ ఒకటి ఉండేది. దాన్ని బొమ్మలతో నింపాలని కాలనీవాళ్లు అనుకోగానే, ఎవరూ అడగకముందే పెత్తనం నా నెత్తిన వేసుకున్నాను. చెరుకు తోలిన రైతుల జ్ఞాపకంగా బారులు తీరిన ఎడ్లబండ్లు వేద్దామని ప్రకటించాను. (నిజామాబాద్ టౌన్‌లో పెరిగిన నాకు ఎద్దుతో పరిచయం క్యాలెండర్ వరకే.) గోడ నిండా మేకుతో గీకిన గీతలుండేవి. సైన్‌బోర్డులు రాసే మా బ్రష్ భాయ్ వాటిని చూసి, "మేడం, జర ఆగున్రి. ఎవరో దిల్ పెట్టి గీసినట్టున్నరు. పెద్దోళ్లను అడిగి సూద్దాం" అన్నాడు. "గోడ శుభ్రంగా లేకుంటే కళ ఎట్ల వస్తది భాయ్?" అని ఆయన నోరు మూయించి, రెండు పూతలు సున్నం కొట్టించాను.

బొమ్మలు పూర్తయిన రోజు కాలనీ అంతా గోడ దగ్గర చేరింది. రుద్రూర్ నుంచి ఒక అవ్వ ఆటో దిగి, "మా బాపు ఎడ్లు ఏడున్నయ్ బిడ్డా?" అని అడిగింది. గర్వంగా నావి చూపించాను. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "గివి ఎడ్లా? పెండ్లికి సింగారించిన మేకల లెక్కున్నయ్!" అందరూ నవ్వారు, నేను కూడా. నవ్వు ఆగాక చెప్పింది. వాళ్ల నాన్న చెరుకు బండితో వచ్చి, చెరుకు తూచే కాంటా దగ్గర వంతు కోసం రెండేసి రోజులు ఇక్కడే కూర్చునేవాడట. ఊరికే ఉండలేక తన జోడెడ్లను గోడ మీద గీశాడట. "బాపు ఫొటో ఒక్కటి లేదు బిడ్డా. యాడాదికోసారి అచ్చి గా ఎడ్లనే సూసిపోతుంటి" అంది.

 ఆమె పచ్చి రంగు మీద అరచేయి ఆనించి తడుముతూ పోయి, ఒకచోట ఆగి "గిదో, కొమ్ము!" అంది. రేకు ముక్క తెచ్చి ఆత్రంగా గీకాను. సున్నంతో పాటు గీతలున్న గచ్చు కూడా పెళ్లలుగా రాలి మా కాళ్ల దగ్గర పడింది.

"పోనీ తియ్ బిడ్డా" అని ఆమే నన్ను ఓదార్చింది. "నీ ఎద్దు కొమ్ము జర లోపలికి వంచు. మా ఎద్దుకు గట్లనే ఉండె." వంచాను. "కాదు, జర బయటికి." మళ్లీ దిద్దాను. బ్రష్ భాయ్ ప్రతిసారీ రంగు కలిపి అందిస్తున్నాడు. (తిట్టినా బాగుండేది.) నాలుగోసారి ఆమె చాలాసేపు చూసి, "ఎట్లుండెనో యాదికస్తలేదు బిడ్డా" అంది.

ఆటో ఎక్కేదాకా వెంట నడిచాను గానీ, తప్పయిందని చెప్పే ధైర్యం చాలలేదు. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఇప్పుడు ఏ గోడకు రంగు వేయాలన్నా ముందు నేనే వెళ్లి తడిమి చూస్తాను, చుట్టుపక్కల ముసలివాళ్లందరినీ అడుగుతాను. "టీచర్‌కు గోడల మీద అనుమానం" అని పిల్లలు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. అన్నీ తెలుసనుకున్న ఆ ఇరవై మూడేళ్ల టీచరమ్మ ఎదురైతే మాత్రం, ముందు ఆమె చేతిలోని సున్నం బకెట్ లాక్కుంటాను.