ఉచితం అని రాసిన అద్దం తలుపు

మొన్న మా వీధి చివర ఒక పెద్దాయన పోయారు. చూసిరావడానికి వెళితే శవం కాళ్ల దగ్గర మూడు కాళ్ల స్టాండు ఒకటి నిలబెట్టి, దానికి ఫోను తగిలించి ఉంది. బెంగుళూరులో ఉన్న కూతురూ, దుబాయిలో ఉన్న అల్లుడూ, ఇంకా ఎక్కడెక్కడి చుట్టాలో అందులోంచి చూస్తున్నారట. ఉన్నట్టుండి ఫోనులోంచి ఒక ఆడగొంతు, "బాబాయ్, దండ కొంచెం కిందకి లాగు, గడ్డం కనపడట్లా" అంది. ఆ బాబాయి లేచి దండ సర్ది, ఫోనులోకి తొంగిచూసి, ఇప్పుడు బాగుందా అన్నట్టు తలూపి మళ్లీ కూర్చున్నాడు. ఎవరికీ వింత అనిపించలేదు. నాకు మాత్రం అక్కడ నిలబడబుద్ధి కాలేదు. శవాన్ని చూసి కాదు, ఆ స్టాండును చూసి.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, పదేళ్ల కిందట ఇంటర్నెట్టు ఇలా కుళాయి నీళ్లలా వచ్చేది కాదు. ఫోనైతే పెద్దది కొనుక్కున్నాం గానీ, అందులో ఒక ఫోటో తెరుచుకోవాలంటే పొయ్యి మీద పప్పు ఉడికి దిగేది. వీడియో కాల్ అంటే దానికి వేరే ప్యాక్ వేయించుకోవాలి. నేను వేయించుకోలేదు. అవసరం ఏముంది, నా మొహం చూడాలని తహతహలాడేవాళ్లెవరున్నారు?

ఆ రోజుల్లోనే మా వదినకు, అంటే మా ఆయన అక్కకు, హైదరాబాదులో గర్భసంచి ఆపరేషను అయింది. తోడుగా నేను వెళ్లాను. ప్రేమతో వెళ్లానని ఎవరైనా అనుకుంటే వాళ్ల అమాయకత్వానికి నా నమస్కారం. వెళ్లడానికి ఇంకెవరూ లేరు, అంతే. మా అత్తగారు నరసరావుపేటలో మా దగ్గరే ఉండేది. ఆమెకూ నాకూ రోజూ ఏదో ఒక తగాదా. ఉప్పు దగ్గర మొదలై మా పుట్టింటి దాకా పోయేది. మా నాన్న కోర్టులో ఒక వకీలుగారి దగ్గర గుమాస్తా, చిన్నప్పటి నుంచి నేను విన్నవన్నీ వాదనలే, ఆపైన బి.ఏ. కూడా చదివాను, ఇక మా అత్తగారు నా ముందు ఎంతసేపు నిలబడుతుంది? చివరికి నోరు మూసుకుని గోడవైపు తిరిగి పడుకునేది. నేను గెలిచాననుకునేదాన్ని. తన తల్లిని నేను తిండి పెట్టకుండా కాదు, మాటలు పెట్టి చంపుతున్నానని మా వదిన చుట్టాలందరికీ చెప్పేది.

ఆపరేషనైన అయిదోరోజు, ఆసుపత్రి ఎదురుగా అద్దెకు తీసుకున్న గదిలో ఉండగా ఉదయాన్నే మా ఆయన ఫోను. అత్తగారు నిద్రలోనే పోయింది. అబద్ధం ఎందుకు, వినగానే నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. రేపటి నుంచి ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది కదా అనుకున్నాను. తరవాతే మా వదిన వైపు చూశాను.

ఆమె ఏడవలేదు. లేచి చీర మార్చుకోవడం మొదలుపెట్టింది. ఎదురుగా ఆసుపత్రికి వెళ్లి అడిగితే డాక్టరు మాత్రం, కుట్లు పచ్చిగా ఉన్నాయి, ఆరు గంటల బస్సు ప్రయాణం చేస్తే నా పూచీ లేదు అని కోప్పడి పంపేశాడు. మా వైపు కూతురు వచ్చి మొహం చూసేదాకా పాడె లేపరు. ఎంత దూరమైనా ఎదురుచూస్తారు. వదిన రాలేకపోతోందని తెలిశాక ఏం చెయ్యాలో మా ఆయనకు పాలుపోలేదు. అప్పుడు మా మరిది ఉపాయం చెప్పాడు. నా ఫోనులో అన్నీ ఉన్నాయి, మీరు అక్కడ నెట్టు చూసుకోండి, ఫోనులో అమ్మ మొహం చూపిస్తాను, అక్క చూశాకే లేపుదాం అన్నాడు. మూడింటికల్లా కదలాలని పెద్దలు గట్టిగా చెప్పారట.

"సందు చివర రీచార్జి కొట్టుంది, ఆ ప్యాకేదో వేయించవే" అంది వదిన.

ఇక్కడే నా పంతం మొదలైంది. హైదరాబాదులో ఎక్కడపడితే అక్కడ ఉచిత ఇంటర్నెట్టు పెట్టారని పేపర్లో చదివాను. ఊరికే ఇస్తామని రాసి పెట్టాక కొనుక్కోవడం నాకు చేతకానితనంలా తోచింది. "నువ్వుండు వదినా, ఊరంతా ఫ్రీగా ఉంటే డబ్బులు తగలెయ్యడం ఎందుకు?" అన్నాను. అప్పటికి టైము పదకొండే.

ఆసుపత్రిలో అడిగితే అది ప్రత్యేక గదుల వాళ్లకేనన్నారు. బస్టాపులో పెద్ద బోర్డు ఉంది. దాని కింద నిలబడి నంబరు కొట్టాను, కోడ్ వచ్చింది, ఆ కోడ్ కొట్టాను, తెర మీద చక్రం ఒకటి తిరగడం మొదలుపెట్టింది. గంటసేపు తిరిగింది. మా వదిన పొట్టకు చెయ్యి అడ్డం పెట్టుకుని బెంచీ మీద కూర్చుని ఆ చక్రాన్నే చూస్తూ ఉంది. చివరికి పక్కనున్న పూలమ్మే ఆమె, "ఈ బోర్డు పెట్టిన కాణ్ణించి దీని కింద ఒక్కళ్లకీ పని జరగలేదమ్మా" అని నవ్వింది. రీచార్జి కొట్టు దాటుకునే వెళ్లాం. వదిన దాని వైపు చూసింది. నేను చూడలేదు.

వెతగ్గా వెతగ్గా రెండున్నరకు ఒక కాఫీ హోటలు దొరికింది. అద్దం తలుపు మీద అరచేతులంత అక్షరాలతో ఉచిత వైఫై అని ఉంది. లోపల చల్లగా ఉంది. వదినను కుర్చీలో కూర్చోబెట్టి పాస్‌వర్డు అడిగితే, అక్కడి కుర్రమేనేజరు, "బిల్లు మీద వస్తుంది మేడమ్, ఏదైనా ఆర్డరివ్వండి" అన్నాడు.

"బయట రాసిందేంది, లోపల నువ్వు చెప్పేదేంది?"

"కస్టమర్లకి ఉచితం మేడమ్."

"ఆ మాట తలుపు మీద ఏదీ? చూపించు. కస్టమర్లకి అని ఎక్కడుందో చూపించు!"

వెనక నుంచి వదిన గొంతు వినిపించింది. "ఏమే, నీకు దణ్ణం పెడతా, ఏదో ఒకటి కొనవే."

అప్పుడు కొని ఉంటే అయిపోయేది. మీరంటారని తెలుసు, ఈ పదేళ్లలో నాకు నేనే ఎన్నిసార్లో అనుకున్నాను. కానీ ఆ కుర్రాడు నన్ను కిందనుంచి పైదాకా, నా నూలుచీరనూ చేతిలో ఆసుపత్రి సంచినీ చూసిన చూపుంది చూశారూ, అది నాకు కారం రాసినట్టయింది. ఫిర్యాదుల పుస్తకం తెమ్మన్నాను. వినియోగదారుల కోర్టు అన్నాను. మా నాన్న దగ్గర విన్న మాటలన్నీ తీశాను. చుట్టూ కూర్చున్నవాళ్లు తలలు తిప్పి చూస్తుంటే ఇంకా హుషారొచ్చింది. ఆఖరికి అతను విసిగిపోయి, చేతులు జోడించి, చిన్న కాగితం మీద పాస్‌వర్డు రాసిచ్చి, పైగా ఒక కాఫీ తెప్పించి, మా తరఫున తీసుకోండి మేడమ్ అన్నాడు.

గెలిచాను. కాగితం పట్టుకుని వదిన దగ్గరకు వచ్చాను. సంచిలోంచి ఫోను తీస్తే మా ఆయన చేసిన కాల్సు ఆరు ఉన్నాయి. నా గొంతు హోరులో నాకవి వినపడలేదు. టైము మూడు దాటి పది నిమిషాలు.

నెట్టు వెంటనే కలిసింది. ఎంత బాగా కలిసిందంటే, మా ఇంటి వసారాలో గచ్చు మీద నీళ్ల తడి కూడా తళతళ కనపడింది. కడిగేశారు. అత్తగారిని పడుకోబెట్టిన చోట ప్రమిద వెలుగుతోంది. మరిది ఫోను పట్టుకున్నది పక్కింటి పిన్ని. "ఇప్పుడే లేపారమ్మా, మీ తమ్ముడు ఆరుసార్లు చేశాడు, నువ్వు చూసే ఓపికలో లేవేమో అనుకున్నారు" అంది. దీపం వైపు ఫోను ఇంకొంచెం దగ్గరగా పెట్టింది పాపం, అదైనా సరిగా కనపడాలని.

మా వదిన ఆ దీపాన్ని చాలాసేపు చూసింది. తరవాత ఫోను బోర్లా పెట్టి, కాఫీ కప్పును నా ముందుకు జరిపింది.

"తాగవే. గెలిచావుగా."

మర్నాడు మరిది, పాడె లేపకముందు తీసిన అత్తగారి ఫోటో పంపాడు. ఆమె తెరవలేదు. ఊరొచ్చాక మా చుట్టాల్లో సగం మంది నేను కావాలనే ఆలస్యం చేశానన్నారు. ఎవరికైనా ఎదురు మాట్లాడగలను, ఆ ఒక్కదానికి మాత్రం ఇంతవరకు వాదన దొరకలేదు. ఉదయం ఆ ఫోను రాగానే నాకు కలిగిన నెమ్మది నాకొక్కదానికే తెలుసు మరి.

ఇప్పుడు నెట్టు లేని చోటు లేదు. మా పేట బస్టాండులో బఠాణీలమ్మే అతను కూడా ఫోను తోపుడుబండికి ఆనించి వీడియో చూస్తూ పొట్లాలు కడతాడు. మా వదిన మనవరాలితో, వియ్యపురాలితో, చివరికి పాలవాడి భార్యతో కూడా మొహాలు చూసుకునే మాట్లాడుతుందట. నాతోనూ మాట్లాడుతుంది, పండక్కీ పబ్బానికీ, బాగున్నావా అంటే బాగున్నావా అని. అలాంటప్పుడు ఒక్కోసారి నేను వీడియో మీట నొక్కుతాను. అటు మోగుతుంది, మోగుతుంది, ఆమె కట్ చేసి, మామూలు కాల్ చేస్తుంది.