పదహారు మూరల హనుమవ్వ

రాయచూరు పక్కన కల్మల పొలాలకు కాలువ నీళ్ళు వచ్చి అది మూడో ఏడు. అంతకు ముందు అక్కడ జొన్న తప్ప వరి ఎరిగినవాళ్ళు లేరు. నారు ఎట్లా పీకాలో, బురదలో ఎట్లా వంగాలో, కోస్తా నుంచి వచ్చి కాలువ పక్కన ఇళ్ళు వేసుకున్న రైతులే నేర్పారు. హనుమవ్వకు అప్పటికి అరవై దగ్గర పడింది. జొన్నచేలో కలుపు తీసీ తీసీ వేళ్ళు వంకరపోయిన మనిషి. ఈ వయసులో ఈమెకు కొత్త పనేంటని ఊరు నవ్వింది. మొదటి ఏడు నేర్చుకుంది. రెండో ఏటికి పదిమంది ఆడవాళ్ళ ముఠాకు ముందు మునుం ఆమెదే అయింది.

ముందు మునుం అంటే మడిలో కుడి అంచు వరుస. నాటు వేసేవాళ్ళు వెనక్కి జరుగుతూ వేస్తారు. ఆ అంచున ఉన్న మనిషి ఎంత చురుగ్గా జరిగితే మిగతా తొమ్మిదిమందీ అంత చురుగ్గా జరగాలి. నడుము పడిపోయినా సరే, ఆ అంచున నిలబడ్డ రోజు హనుమవ్వ ఇంటికి నవ్వు ముఖంతో వచ్చేది. పుట్టి బుద్ధెరిగాక ఒకరి వెనక నడవడమే గానీ, తన వెనక తొమ్మిదిమంది నడవడం ఆమె చూసింది అప్పుడే మరి.

ఆమె కట్టు ఒక్కటే. ముదురు నీలం ఇలకల్ చీర, ఎర్ర చెరగు, పదహారు మూరలు. నడుముకు చుట్టి, కుచ్చిళ్ళు కాళ్ళ మధ్య నుంచి వెనక్కి తీసి దోపి కచ్చ పోస్తే కాళ్ళు రెండూ దేనికది విడిగా ఉంటాయి. బురద పడ్డా ఆ రంగులో కనబడదు. చెరగులో రొట్టె ముడి వేసుకోవచ్చు, ఎండకు నెత్తిన కప్పుకోవచ్చు. కోడలు గౌరమ్మకు మాత్రం ఆ కట్టు నచ్చదు. ఆమె ముందు కుచ్చిళ్ళు పెట్టి పొట్టి మిల్లు చీర కడుతుంది.

"కాలం మారింది అత్తా. ఇంగ కచ్చ ఎవరు పోస్తరు?" అనేది.

"కాలం మారితే మారనీ. నా కాళ్ళు రెండేగదా, అవి మారలే," అనేది హనుమవ్వ.

ఆ ఏడు నాట్లు ఇంకో మూడు రోజుల్లో అయిపోతాయనగా, పొలం రైతు కోటయ్య భార్య తులసమ్మ ముఠాను ఇంటికి పిలిచి అందరికీ తలా ఒక వాయిలు చీర పెట్టింది. రాయచూరు బజారుకు తానే పోయి, ఒక్కొక్కరి ఒంటి రంగు గుర్తు తెచ్చుకుని మరీ ఏరింది. హనుమవ్వకు ఆకుపచ్చ. హనుమవ్వ చిన్ననాటి జతగత్తె హుచ్చమ్మకు గులాబి.

"ఆఖరు రోజు అందరూ ఇవే కట్టుకు రావాలి. కోస్తాలో మా ఇంటి ఆనవాయితీ అది, ఇక్కడ ఈ ఏడే మొదలు," అంది తులసమ్మ.

పడుచువాళ్ళు మురిసిపోయారు. దారిలో హనుమవ్వ తన చీర విప్పి మోచేతితో కొలిచింది.

"హుచ్చీ, పదకొండు మూరలే ఉందే."

"నాదీ గంతే. కడమ ఐదు మూరలు బజార్ల ఎలుకలు దిన్నయేమో."

పదకొండు మూరలకు కచ్చ రాదు. అయినా చూద్దామని మరుసటి రోజు హనుమవ్వ గౌరమ్మ చేత కుచ్చిళ్ళు పెట్టించుకుని మడిలో దిగింది. వెనక్కి అడుగు వేసినప్పుడల్లా మడమ కింద చీర అంచు పడింది. మూడుసార్లు బురదలో కూలబడింది. మూడోసారి లేచేసరికి కుచ్చిళ్ళు ఒక చేతిలో, నారుకట్ట ఒక చేతిలో. ముఠా అంతా నడుములు పట్టుకుని నిలబడి ఆమె కోసం చూస్తోంది.

"అత్తా, నువ్వు ఇట్ల నడిమిట్లకు రా. ముందు మునుం నేను పడ్త," అంది గౌరమ్మ. మెత్తగానే అంది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

సాయంత్రం ముఠా ఒక మాట అనుకుంది. ఆఖరు రోజు కూడా గౌరమ్మే ముందుండాలి. పాత చీరతో వస్తే తులసమ్మ మనసు నొచ్చుకుంటుంది, కొత్త చీరతో హనుమవ్వ నాటు వేయలేదు. ఇక చేసేదేముంది? కానీ ఆ ఆఖరు రోజే అసలు రోజు. ముందు మునుం మనిషికి ఇంటి ఇల్లాలు బొట్టు పెట్టి ఆఖరి పిడికెడు నారు చేతికిస్తుంది. ఊరందరి ముందు పోయినేడు అది హనుమవ్వ చేతికే వచ్చింది.

ఆమె ఇంటికి వచ్చి రొట్టె ముట్టకుండా గోడకు ఆనుకుని కూర్చుంది. పొద్దు ఇంకా గుంకలేదు. హుచ్చమ్మ గులాబి చీర మడతతో, గోనె సంచులు కుట్టే దబ్బనంతో వచ్చి పక్కన చతికిలబడింది.

"లే. నీ చీర తే."

"ఎందుకే?"

"నీవి పదకొండు, నావి పదకొండు. రెండు గలిపితే కచ్చ ఎట్ల రాదో చూస్త."

"మరి నీకో?"

"పొద్దుగాల నువ్వు కట్టు, మాపటికి నేను కడ్త. నువ్వేమన్న సచ్చేదాంక కట్టుకుంటవా?"

హనుమవ్వ నవ్వింది. ఆ నవ్వుతోనే ఆకలి కూడా గుర్తొచ్చినట్టుంది, రొట్టె విరిచి ఇద్దరికీ పంచింది. చీకటి పడకముందే కుట్టు అయిపోయింది. కుట్టు వంకరపోయినా పట్టు గట్టిగానే ఉంది.

ఆఖరు రోజు పొద్దున్నే ఆమె ఆ చీర కట్టి మడి దగ్గరికి వచ్చింది. మిగిలిన మూరలు నడుముకు రెండు చుట్లు ఎక్కువ చుట్టడంతో మనిషి గాదెలా ఉంది. నడుము కింద గులాబి, నడుము పైన ఆకుపచ్చ. గౌరమ్మ నోటికి చెరగు అడ్డం పెట్టుకుని నవ్వాపుకోలేక మడి గట్టున కూర్చుండిపోయింది.

"అత్తా, ఏందిది?"

"ముందు నా మునుంల నుంచి జరుగు, మల్ల జెప్త."

ఒక్క గుంట నాటేసరికి ఎవరూ మళ్ళీ నవ్వలేదు. నవ్వే తీరిక ఆమె ఇవ్వలేదు.

కాస్త పొద్దెక్కాక తులసమ్మ పళ్ళెంలో పసుపు, కుంకుమ పెట్టుకుని, వెంట కోటయ్యతో గట్టు మీదికి వచ్చింది. అందరూ వంగి ఆమె వైపే వెనక్కి జరుగుతున్నారు. కుడి అంచున ఆమెకు కనబడింది గులాబి రంగు కచ్చ ఒక్కటే.

"హుచ్చమ్మా, ఇవ్వాళ నువ్వేంటి ముందున్నావు? హనుమవ్వ రాలేదా?"

హనుమవ్వ నడుము ఎత్తి ఇటు తిరిగింది. పైనంతా ఆకుపచ్చ. తులసమ్మ చేతిలో పళ్ళెం అట్లాగే ఆగిపోయింది. ఇంకో నాలుగు వరుసల అవతల హుచ్చమ్మ పాత నీలం చీరలో వంగి ఉంది.

"మరి హుచ్చమ్మ నేనిచ్చింది కట్టుకోలేదేం?"

"కట్టింది తల్లీ. నా నడుము కింద ఉండేది ఆమె చీరనే."

నాటు ఆపి ముఠా అంతా నడుములెత్తింది. తులసమ్మకు కోపం వస్తే వచ్చే ఏడు ఈ మడిలో వేరే ముఠా దిగుతుంది. అది తెలిసీ హనుమవ్వ దాచకుండా చెప్పింది.

"నువ్వు ప్రేమతోని పెట్టినవు, మేము కట్టనంటే పాపం. కచ్చ లేకుంటే నాకు బురదల అడుగు పడదు. అందుకే రెండు గలిపి కుట్టినం."

తులసమ్మ ఆ వంకర కుట్టును ఎగాదిగా చూసింది. ముందు పెదవులు బిగబట్టింది, తరువాత భుజాలు కదిలాయి, తరువాత పళ్ళెం కోటయ్య చేతిలో పెట్టి పొట్ట పట్టుకుని నవ్వింది.

"అయ్యో నా మతి మండా. కొన్నదాన్ని, ఒక్కమాట అడిగితే పోయేది కదండీ," అంది మొగుడితో. "ఏదీ, ఇంకోసారి వెనక్కి తిరుగు."

హనుమవ్వ తిరిగింది. మడంతా నవ్వింది. గట్టు మీదున్న కోటయ్య ఎటు చూడాలో తెలియక కాలువ వైపు చూశాడు.

తులసమ్మ చెప్పులు విడిచి బురదలో దిగి వచ్చి బొట్టు పెట్టింది. ఆఖరి పిడికెడు నారు హనుమవ్వ చేతికిచ్చింది. హనుమవ్వ వంగబోయి ఆగింది.

"హుచ్చీ, ఇట్ల రా."

"నేనెందుకు? ముందు మునుం నీది."

"చీరల సగం నీది. నారంత నాకే ఎట్ల వస్తది? రా."

ఇద్దరూ పక్కపక్కన వంగి ఆ పిడికెడు నారు చెరి సగం నాటారు. హుచ్చమ్మ నడుము ఎత్తీ ఎత్తకముందే మాట అందుకుంది.

"నాటు అయిపోయింది. ఇంగ నా వంతు, ఇప్పు."

"మాపటికి అన్నవు కదనే."

"పని అయినంక మాపే."

కోటయ్యను దూరంగా పంపి, జొన్న చొప్ప వామి చాటున ఇద్దరూ చీరలు మార్చుకున్నారు. కాలువ గట్టు మీద ఊరివైపు హుచ్చమ్మ ముందు నడిచింది, గులాబి కచ్చతో, ఆకుపచ్చ చెరగుతో, ఎదురొచ్చిన ప్రతి మనిషినీ ఆపి పలకరిస్తూ. హుచ్చమ్మ పాత నీలం చీరలో, నుదుట బొట్టుతో, హనుమవ్వ ఆమె వెనక నడిచింది. ఆ ఒక్కరోజు వెనక నడవడం ఆమెకు ఏమీ అనిపించలేదు.