సాక్ష్యం చెప్పిన తర్వాత

మా చర్చిలో ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యాల సమయం ఉంటుంది. ఆ వారం దేవుడు తనకేం మేలు చేశాడో ఎవరైనా లేచి చెప్పవచ్చు. కొడుక్కి ఉద్యోగం దొరికిందని ఒకరు చెబుతారు, బోరులో నీళ్ళు పడ్డాయని ఒకరు చెబుతారు, మొగుడు తాగుడు మానాడని ఒకామె కొంగుతో కళ్ళద్దుకుంటూ చెబుతుంది. చెప్పడం అయిపోగానే అందరం హల్లెలూయా అంటాం. ఆ మాటతో ఆ మేలు ఖరారైపోతుంది. మళ్ళీ లేచి, ఆ బోరు ఎండిపోయిందని గానీ, ఆయన మళ్ళీ తాగుతున్నాడని గానీ చెప్పినవాళ్ళను నేనెన్నడూ చూడలేదు. అలాంటి సాక్ష్యానికి మా దగ్గర చోటు లేదు.

చర్చి చేవెళ్లలో, షాబాద్ వెళ్ళే రోడ్డు మీద, రేకుల షెడ్డులో ఉంది. మేముండేది మొయినాబాద్‌లో కిరాయి ఇంట్లో. నా భర్త ఇంజనీరింగ్ కాలేజీ బస్సు నడుపుతాడు. నేను ఇంటికి దగ్గర్లోని చిన్న ప్రైవేటు బడిలో టీచర్ని. మా పాప అదే బడిలో ఒకటో తరగతి. మా అత్తమ్మ మాతోనే ఉంటుంది. చర్చిలో నాకు లేని పని లేదు. పాటలు నడిపించేది నేనే, సండే స్కూల్ నేనే, శుక్రవారం ఉపవాస ప్రార్థన ఎవరింట్లో అని ఫోన్లు చేసేదీ నేనే. ఎవరికైనా కాన్పు అయితే పత్యం కూర వండి డబ్బాలో పెట్టుకుని ఆటో ఎక్కేదీ నేనే. "నీకు ఇంట్ల కంటే బయటనే డ్యూటీలు ఎక్కువున్నయి" అని నా భర్త నవ్వేవాడు. నిజమే. ఆ ఉరుకులాట నాకు ఇష్టంగా ఉండేది.

పాపకు మొదటిసారి ఫిట్స్ వచ్చింది నాలుగేళ్ళప్పుడు. ఉప్మా తింటూ తింటూ చెంచా వదిలేసింది. కళ్ళు పైకి పోయాయి. ఆ తర్వాత సంగతి రాయడం నాకిష్టం లేదు. చూసినవాళ్ళకు తెలుసు, చూడనివాళ్ళకు తెలియకపోవడమే మంచిది. పట్నంలో డాక్టరు పరీక్షలన్నీ చేసి సిరప్ రాశాడు. "పొద్దున, సాయంత్రం. ఒక్క పూట కూడా తప్పించొద్దమ్మా. మంచిగనే ఉన్నది గదా అని మీరే ఆపేస్తరు, అప్పుడే మళ్ళ వస్తయి. నేను ఆపమనేదాక ఆపొద్దు" అన్నాడు. అట్లాగే పోశాం. చాలా నెలలు ఫిట్స్ రాలేదు. పాప బొద్దుగా అయింది, అల్లరి నేర్చింది.

ఆ నెలలన్నీ మా అత్తమ్మ ప్రతి శుక్రవారం పాప కోసం ఉపవాసం చేసింది. మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. మోకాళ్ళ నొప్పులతో కిందే కూర్చుని ప్రార్థించేది. ఈ కథలో ఆమె చెడ్డదైతే నాకు పని సులువయ్యేది. ఆమె మంచిది. పాపంటే ప్రాణం.

ఒక ఆదివారం సాక్ష్యాల సమయంలో ఆమె లేచి నిలబడింది. నేను ముందు పాటల గుంపులో మైకు పట్టుకుని ఉన్నాను. మోకాళ్ళ నొప్పి తగ్గిందని చెబుతుందేమో అనుకున్నాను.

"నా మనుమరాలికి ఫిట్స్ వస్తుండె. దేవుడు ముట్టిండు. ఇగ లేవు. పూర్తిగ పోయినయి" అంది.

షెడ్డు దద్దరిల్లేలా హల్లెలూయా అన్నారు. పాస్టరయ్య పాపను ముందుకు పిలిచి నెత్తి మీద చెయ్యి పెట్టి, ఈ బిడ్డే అద్భుతం అన్నాడు. పాప తన కొత్త గౌను అంచు పట్టుకుని అందరినీ చూసి నవ్వింది. అంతవరకు మిగతా పిల్లలకు తల్లులు, ఆమెను నెట్టొద్దు, ఆమెతో జాగ్రత్త అని చెబుతుండేవారు. ఆ రోజు బయటికి వస్తుంటే ప్రతి ఒక్కరూ ఆమె బుగ్గ ముట్టుకున్నారు. నేనూ మైకులో హల్లెలూయా అన్నాను. అనకుండా ఎట్లా ఉంటాను?

తిరుగు బస్సులో అత్తమ్మ పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని మెల్లగా అంది. "ఇగ మందు బంద్ చెయ్యి బిడ్డా."

"డాక్టర్ ఆపొద్దన్నడు గదా అత్తమ్మా."

"అందరి ముందట సాక్ష్యం చెప్పినం. ఇంక మందు పోస్తే తగ్గలేదన్నట్లే గదా. దేవుణ్ని అబద్ధమాడేటోన్ని చేసినట్లైతది."

"సాక్ష్యం నువ్వు చెప్పినవ్. నన్నడిగి చెప్పినవా?"

"దేవుని మేలు చెప్పనీకి నిన్నడగాల్నా?"

నా భర్త కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. రోడ్డు వెడల్పు పనులు అంత శ్రద్ధగా చూసినవాణ్ణి నేను ఇంకెవరినీ చూడలేదు. ఇంటికి వచ్చాక గట్టిగా అడిగితే, "మా అమ్మ మనసు విరగ్గొట్టలేను, నీ మాట తీసెయ్యలేను. నన్ను మధ్యల ఇరికియ్యకు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మధ్యలో ఉన్నది ఆయన కాదు, పాప.

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి సిరప్ సీసా ఖాళీగా, కడిగి, బోర్లించి ఉంది. అత్తమ్మ దాన్ని దాచలేదు, దాని గురించి మాట్లాడలేదు. పప్పు గిన్నెల పక్కన ఆరబెట్టింది.

అమ్మగారిని, అంటే పాస్టరయ్య భార్యను, అడుగుదామని వెళ్ళాను. ఆమె నాకంటే చదువుకున్నది, పిల్లల తల్లి. "మందు ఆపాల్నా అమ్మగారూ?" అన్నాను. "మందు ఆపమని అయ్యగారు ఎన్నడన్న చెప్పిండా సిస్టర్? కానీ సాక్ష్యమైనంక మనసుల అనుమానం పెట్టుకోవద్దు. ప్రార్థన చేసుకో. నీ మనసుకు ఎట్ల సమాధానమైతే గట్ల చెయ్యి" అంది. ఆ మాటను ఇటు తిప్పినా అటు తిప్పినా పట్టుకోవడానికి పిడి దొరకలేదు. వందనాలు చెప్పి వచ్చేశాను.

నాకు సమాధానమైనట్టే చేశాను. మెడికల్ షాపులో కొత్త సీసా కొన్నాను. పొద్దున మందు బడిలో, ప్రార్థన గంట కొట్టకముందు స్టాఫ్ రూములో పోసేదాన్ని. సాయంత్రం మందు స్నానం చేయించేటప్పుడు, బాత్రూములో సర్ఫ్ డబ్బాలో దాచిన సీసా తీసి పోసేదాన్ని. నల్లా తిప్పి పెడితే మూత తీసిన చప్పుడు బయటికి వినపడదు. దేవుని మందిరంలో పిల్లలకు నిజం చెప్పాలని నేర్పే టీచరమ్మ, సొంత ఇంట్లో కన్నబిడ్డకు మందు పోయడానికి దొంగలా తలుపు గడియ పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు.

"నానమ్మకు చెప్పకు" అన్నాను పాపతో.

"ఎందుకు? నాకు తగ్గిపోయింది గదా?"

"తగ్గింది. తగ్గింది తగ్గినట్లే ఉండాలంటే ఇది తాగాలె."

"అంటే తగ్గలేదా?"

"తగ్గిందన్న గదా."

"మరి మందెందుకు?"

బయట పిల్లలు లైన్లో నిలబడుతున్నారు. నా చేతిలో అటెండెన్స్ రిజిస్టరు, ఇంకో చేతిలో చెంచా. "నోరు ముయ్, తాగు" అన్నాను. నోరు మూస్తే ఎట్లా తాగుతుంది అని కూడా ఆలోచించలేదు. ఆమె బుద్ధిగా నోట్లో పోసుకుంది. చేదు పోవడానికి నోరు కడుక్కుంటానని నల్లా దగ్గరికి పరుగెత్తింది. రోజూ అంతే, సాయంత్రం బాత్రూములోనూ అంతే. అడగడం మానేసింది. అర్థం చేసుకుందని సంతోషించాను.

చిన్నపిల్లల ఆదివారం వచ్చింది. ఆ రోజు ఆరాధనంతా పిల్లలదే. కొన్ని వారాలుగా వాళ్ళకు అభినయంతో పాట నేర్పుతున్నాను. అందరికంటే ముందు మా పాపనే నిలబెట్టమని పాస్టరయ్య చెప్పాడు. తెల్ల గౌను, తెల్ల రిబ్బన్లు. అత్తమ్మ ముందు చాపలో కూర్చుని పాపను తప్ప ఇంకెవరినీ చూడడం లేదు.

రెండో చరణంలో చేతులు పైకెత్తాలి. పిల్లలందరూ ఎత్తారు. మా పాపది ఒక చెయ్యి మాత్రం లేచి, అక్కడే వణకడం మొదలుపెట్టింది. తర్వాత పాప పడిపోయింది.

కీబోర్డు వాయించే తమ్ముడు చూడలేదు. పాట కాసేపు అట్లాగే మోగింది. పిల్లలు భయపడి గోడకు జరిగారు. ఒకాయన తాళాల గుత్తి తెచ్చి ఆమె పిడికిట్లో కుక్కాడు. ఎవరో బిగ్గరగా, దయ్యాన్ని వదిలి పొమ్మని గద్దించి ప్రార్థిస్తున్నారు. నేను తాళాలు విసిరేసి ఆమెను పక్కకు తిప్పి పట్టుకున్నాను. "జరుగుండ్రి, గాలి రానీయుండ్రి" అని అరిచాను. మందిరంలో నేను అరవడం అదే మొదలు. నా భర్త వచ్చి పాపను ఎత్తుకున్నాడు. ఆటోలో దవాఖానకు పోయేదాకా అత్తమ్మ పాప పాదాలను రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుంది.

డ్యూటీ డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాడు. వణుకు ఆగాక మా వైపు తిరిగాడు. "మందు ఆపినారా?"

అత్తమ్మ తల వంచుకుంది.

"లేదు సార్" అన్నాను. "రెండు పూటల నేనే పోస్తున్న. ఒక్క పూట తప్పలే."

నా భర్త నన్ను చూశాడు. అత్తమ్మ కూడా తలెత్తి చూసింది. ఆమె కళ్ళలో కోపం లేదు. మందు తాగినా వచ్చిందంటే ఇంకేం చేయాలి అన్న భయమే ఉంది. నాదీ అదే భయం. మంచం పట్టీ మీద కూర్చుండిపోయాను.

పాపకు మెలకువ వచ్చింది. మాటలు ముద్దముద్దగా వస్తున్నాయి. మేం మాట్లాడింది ఎంత విన్నదో తెలియదు.

"నేను మింగలేదమ్మా" అంది.

"ఏంది బిడ్డా?"

"మందు. నోట్ల పెట్టుకొని నల్లకాడ ఊసేస్తున్న."

"ఎందుకు?" అన్నాను.

"తాగితే తగ్గలేదన్నట్లే గదా. నానమ్మ అందరికి చెప్పింది. దేవుడు అబద్ధమాడినట్లైతది."

బస్సులో నానమ్మ ఒళ్ళో కూర్చుని విన్న మాట. మేం పెద్దవాళ్ళం ఇద్దరం వాదించుకుని వదిలేశాం. ఆమె ఆ మాటను మోసింది. ఇంట్లో దేవుడి పరువు కాపాడే పని ఎవరో ఒకరు చేయాలనుకుని, ఆరేళ్ళ పిల్ల తనే తీసుకుంది. నాకు తెలియకుండా, వాళ్ళ నానమ్మకు తెలియకుండా, రోజూ నల్లా దగ్గర.

అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్ళిపోయింది. పాప నా చెయ్యి పట్టుకుని అడిగింది. "నేను దొంగతనంగ ఊసేసిన అని దేవునికి కోపమొచ్చిందా? అందుకే అందరి ముందట వచ్చినయా?"

"కోపం రాలేదు బిడ్డా. మందు తాగకపోతే వస్తయి, అంతే" అన్నాను. ఆమె నమ్మలేదు. అది ఆమె ముఖంలోనే తెలిసింది.

ఆ వారమంతా ఫోన్లు వచ్చాయి. పాప ఎట్లున్నదని మొదలుపెట్టి, ఇంట్లో ఎవరికైనా అవిశ్వాసం ఉందేమో చూసుకోమని ముగించేవారు. కాన్పుకు నేను పత్యం మోసిన అమ్మాయి కూడా అదే అంది.

తర్వాతి ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. "నా బిడ్డకు ఫిట్స్ ఉన్నయి" అన్నాను. "మందు తాగుతున్నది. తాగుతనే ఉంటది. తనకు మంచిగున్న రోజులన్నీ ఆ మందుతోనే. అది కూడా దేవుడిచ్చిందే అని నేను అనుకుంటున్న."

ఎవరూ హల్లెలూయా అనలేదు. పాస్టరయ్య గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నాడు. ఆరాధన అయ్యాక అమ్మగారు నా భుజం మీద చెయ్యి వేసి, "కొన్ని రోజులు రెస్ట్ తీసుకో సిస్టర్. సండే స్కూల్ ఇంకెవరన్న చూస్తరు" అంది. ప్రేమగానే అంది. నేను ఇంకా వెళ్తూనే ఉన్నాను. వెనక చాపలో కూర్చుంటాను.

సిరప్ ఇప్పుడు వంటింటి గూట్లో అందరికీ కనపడేటట్టే ఉంటుంది. అత్తమ్మే పోస్తుంది. ఒక్క చుక్క కూడా పోకూడదని చెంచా కింద గిన్నె పెట్టుకుంటుంది. పాప మొత్తం మింగి, మింగానని నోరు తెరిచి చూపిస్తుంది. ఇంట్లో ఎవరూ చూపించమని అడగలేదు.

తర్వాత గోడ వైపు తిరిగి చేతులు జోడిస్తుంది. మొదటిరోజు ఏం ప్రార్థిస్తోందోనని అత్తమ్మా నేనూ దగ్గరికి వెళ్ళి విన్నాం. "సారీ దేవా, ఇయ్యాల కూడా తాగిన. ఏమనుకోకు" అంటోంది. అత్తమ్మ ఆమెను దగ్గరికి తీసుకుని, "దేవుడు ఏమనుకోడు బిడ్డా, తప్పు నాది, నేనే తొందరపడి చెప్పిన" అంది. నేనూ చెప్పాను. చాలాసార్లు చెప్పాం. పాప మా ఇద్దరికీ తలూపుతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మందు మింగగానే గోడ వైపు తిరుగుతుంది.