గీత బయట కూర్చున్న మాస్టరు

బిడ్డ మీద ఒక్కసారి చెయ్యి చేసుకున్న మనిషికి ఆ బిడ్డను మళ్ళీ అప్పజెప్పవచ్చా? ఎనిమిదేళ్ళుగా ఈ ప్రశ్న నాతోనే ఉంది. ఒకప్పుడు దీనికి జవాబు తెలుసనుకున్నాను. కాగితం మీద రాసి సంతకం కూడా పెట్టాను. పోయిన మంగళవారం ఉదయం, నేను పాఠాలు చెప్పే కాలేజీ ముందు, వేలూరులో బస్సు దిగుతుంటే మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, మాస్టర్ పోయినారు. మగ్గం కాడనే" అంది. నేను క్లాసుకు పోకుండా అదే రోడ్డు దాటి, తమిళనాడులోనే ఉన్న మా ఊరు గుడియాత్తం బస్సెక్కాను.

మీలో చాలామందికి ఆయన తెలియదు. బతుకుతెరువు లుంగీలు నేయడం. పగలంతా గుంట మగ్గంలో కాళ్ళు పెట్టి కూర్చునే మనిషి, పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా మాత్రం బడి మైదానంలో ముప్పై మంది ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పేవారు. ఎవరూ నియమించలేదు, ఎవరూ జీతమివ్వలేదు. జుట్టులో ఎప్పుడూ ఒక నూలుపోగు ఉండేది. విజిల్‌ను లుంగీ అంచు చింపిన పట్టీకి కట్టి మెడలో వేసుకునేవారు. బంతి కుట్లు ఊడితే మైనం రుద్దిన మగ్గం నూలుతో తనే కుట్టేవారు. కుట్టిన వైపు బంతి కాస్త ఉబ్బి, ఎటు తన్నినా ఇంకెటో పోయేది. "ఇది మాస్టర్ మాట తప్ప ఎవురి మాటా వినదు" అని పిల్లలు నవ్వేవాళ్ళు.

ఆటకు ముందు అందరినీ వరుసగా నిలబెట్టి కాలిగోళ్ళు చూసేవారు. ఓడిపోయి ఏడ్చే పిల్ల దగ్గరికి పోయి, "ముందు నీళ్ళు తాగు. ఆమీద అలుగుదువు" అనేవారు. తాగేలోపల సగం ఏడుపు తగ్గేది. కొత్తగా చేరిన ప్రతి పిల్లకూ, తల్లి వింటుండగా ఒక మాట చెప్పేవారు: "మీయమ్మకు చెప్పకూడని మాట ఏదీ నేను నీకు చెప్పనమ్మా. ఎవురన్నా అట్లాంటి మాట చెప్తే, పోయి మీయమ్మకే చెప్పు." అప్పట్లో నేను దాన్ని పెద్దమనిషి మర్యాద అనుకుని ఊరుకున్నాను. దానిలో ఎంత కాపుదల ఉందో తరువాత తెలిసింది.

అలాంటి మనిషి ఒకరోజు మా అమ్మాయిని కొట్టారు.

దానికప్పుడు పదమూడేళ్ళు. ఆటలో కోపమొచ్చి, తనకంటే చిన్నపిల్లను వెనక నుంచి కాలు అడ్డం పెట్టి పడేసిందట. ఆ పిల్ల మోచెయ్యి చీరుకుపోయింది. మాస్టరు పరుగెత్తుకొచ్చి మా అమ్మాయి చెంప మీద కొట్టారు. ఇంటికి వచ్చేసరికి నాలుగు వేళ్ళూ కనిపిస్తున్నాయి. "తప్పు నాదేమ్మా" అంది అదే. మా అత్త వంటింట్లోంచి, "ఆడబిడ్డకు బంతాట యాలనే అని నేను మొదట్నే అడిగితినా లేదా?" అంది. ఇద్దరి మాటా నాకు ఎక్కలేదు.

ఆ పొద్దే కూర్చుని మాస్టరుకు ఉత్తరం రాశాను. మా అమ్మాయి చేతికిచ్చి పంపాలి, అది చదవకూడదు. అది తమిళ బడిలో చదివే పిల్ల, అందుకని తెలుగులో రాశాను. మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న అక్షరాలు, తిరుపతిలో ఎమ్మే చదివిన గర్వం, రెండూ ఆ రెండు పేజీల్లో ఉన్నాయి. మాస్టరు ఇంట్లో మాట్లాడేది మా తెలుగే అయినా, ఆయనకూ తెలుగు చదవడం రాదన్న సంగతి నాకు తట్టనే లేదు.

మరునాడు పొద్దున ఆయన మా గుమ్మం ముందు నిలబడ్డారు. చేతిలో ఆ కాగితం.

"అమ్మా, దీంట్లో ఏముండాదో నాకు చదవను రాదు. ఇంకొకర్ని అడిగితే నీ మాట బయటికి పోతాది. నువ్వే చదువు."

"ఇప్పుడెందుకన్నా, వదిలేయండి" అన్నాను.

"రాసేటప్పుడు వదిలేయలేదు గదమ్మా. చదువు."

చదివాను. ఎదుటి మనిషి కళ్ళ ముందు మన కోపాన్ని మనమే గట్టిగా చదవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఒక్క మాటా మింగలేదు. చివరికి, "మీరు ఇక పిల్లల దగ్గరికి రాకూడదు" అన్న వాక్యం దగ్గరికి వచ్చాను. అదీ చదివాను.

ఆయన తల వంచుకుని విన్నారు. "ఎన్నాళ్ళమ్మా?" అని అడిగారు. ఎదురు మాట కాదది. నిజంగానే తెలుసుకుందామని అడిగారు. నేను ఆ సంగతి రాయలేదు, ఆలోచించనూ లేదు.

"సరి. బిడ్డ తప్పు చేస్తే గీత బయట కూచోబెడతాను గదా. నేనూ కూచుంటా. మళ్ళా రమ్మనేదీ వద్దనేదీ అమ్మలు మీరే చెప్పండి" అని వెళ్ళిపోయారు. ఆ సాయంత్రమే బడి వదిలే వేళకు పోయి, పిల్లలందరి ముందూ మా అమ్మాయికి, "నేను చేసింది తప్పు పాపా" అని చెప్పారట. అది ఇంటికొచ్చి చెబుతూ, తానూ ఆ చిన్నపిల్లను క్షమాపణ అడిగానని అంది. అడగమని ఎవరూ చెప్పలేదు.

మూడు వారాలకు వేలూరులో పోటీ. జిల్లా జట్టుకు పిల్లలను ఎంచేది అక్కడే. జట్టు వెంట బడి పీటీ టీచరమ్మ నిలబడింది. మాస్టరు మాతోపాటు సిమెంటు మెట్ల మీద కూర్చున్నారు. మన జట్టు ఎడమవైపు ఖాళీగా ఉంది. అవతలి పిల్లలు రెండుసార్లు అటునుంచే వచ్చారు. నాకే కనబడుతోందంటే ఆయనకు కనబడదా? ఆగలేకపోయాను.

"పోయి ఒక్క మాట చెప్పన్నా!"

ఆయన నా వైపు తిరగలేదు. "రాసినదీ నువ్వే, చెరిపేదీ నువ్వేనా అమ్మా?" అన్నారు. పక్కనున్న తల్లులు నవ్వారు. ఆయన చేతులు మాత్రం మెట్టు అంచును పట్టుకుని తెల్లబడి ఉన్నాయి.

మూడోసారి గోలు పడింది. ఓడిపోయారు. మా అమ్మాయిని జిల్లా జట్టుకు తీసుకోలేదు. బస్సులో నా పక్కన కూర్చోకుండా వెనక్కి పోయి కూర్చుంది. "కొట్టింది ఆయన, కాగితం రాసింది నువ్వు. ఆడింది మాత్రం నేను" అంది దిగేటప్పుడు. వారం రోజులు ఆ మాట నా చెవిలోనే ఉంది.

తరువాతి ఆదివారం తల్లులందరం మైదానంలో కలిశాం. నేను ఏదో పద్ధతిగా మాట్లాడబోతుంటే బీడీలు చుట్టే ఒకామె కూతురి చెయ్యి పట్టుకుని అడ్డం వచ్చింది. "మాయింట్లో దీని నాయన దినామూ కొడతాడు. ఆయన్నెవురు గీత బయట కూచోబెట్నారు? ఈయనన్నా కూచున్నాడు. రమ్మనండక్కా." ఒక్కొక్కరే సరే అన్నారు. నేను తలూపాను.

మాస్టరు వెంటనే లేవలేదు. "వస్తాను. కానీ నన్ను నమ్మి ఇండ్లకు పోబాకండి. దినానికొక అమ్మ వచ్చి చూస్తా ఉండండి" అన్నారు. అలా మా ఊళ్ళో వంతు మొదలైంది. రోజుకొక తల్లి ఆటంతా చూడాలి. ఆయనకు తప్పనిపించినదాన్ని కాదు, తనకు తప్పనిపించినదాన్ని చెప్పాలి. మొదటి వంతు నాకే వేశారు. ఇంకా కొన్ని పద్ధతులు ఆయనే పెట్టుకున్నారు. ఏ పిల్లనూ ఒంటరిగా బండి ఎక్కించుకోలేదు. వానలోనైనా సరే, ఇద్దరుంటేనే. తలకు దెబ్బ తగిలిన పిల్లను, ఎంత బతిమాలినా, ఆ రోజు మళ్ళీ ఆడనివ్వలేదు. ఆట మొదలవగానే బుగ్గన ఒక లవంగం పెట్టుకునేవారు, అరవాలనిపిస్తే కొరకడానికి. "మాస్టర్ కాడ బిర్యానీ వాసనొస్తే మనం తప్పుగా ఆడతా ఉండామని అర్థం" అనేవాళ్ళు పిల్లలు.

నేను కాపలా కాసినట్టే చూశాను, ఒప్పుకుంటాను. ఎనిమిదేళ్ళలో ఆ చెయ్యి మళ్ళీ లేవలేదు. ఆయన గొంతు తగ్గాక పిల్లల గొంతులు లేచాయి. ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకుంటూ ఆడడం నేర్చుకున్నారు. మరుసటి ఏడు మా అమ్మాయి జిల్లా జట్టుకు పోయింది. ఇప్పుడు కాలేజీకి ఆడుతోంది, ఆదివారాలు చిన్నపిల్లలకు నేర్పుతోంది. మంగళవారం ఆయన ఇంటి ముందు, పెళ్ళయి దూరం పోయిన పిల్లలు కూడా చంకలో బిడ్డలతో వచ్చి, ఆయన మాటలే చెప్పుకుంటూ నిలబడ్డారు. మా ఊరి ఆడపిల్లలు అంత గట్టిగా, అంత ధైర్యంగా మాట్లాడుకోవడం నా చిన్నప్పుడు నేను చూడలేదు.

వచ్చే నెల నుంచి కొత్త కోచ్ వస్తాడు. కుర్రవాడు, మంచివాడిలానే ఉన్నాడు. అతనికి ఇవ్వడానికి పద్ధతులన్నీ కాగితం మీద పెట్టమని తల్లులు నాకే చెప్పారు. ఈసారి తమిళంలో రాశాను. వంతు, బండి, తల దెబ్బ, అమ్మకు చెప్పకూడని మాట, అన్నీ చకచకా వచ్చాయి. చివర, "బిడ్డ మీద చెయ్యి చేసుకున్నవారు ఆ రోజే తప్పుకోవాలి, మళ్ళీ రాకూడదు" అని రాశాను.

మా అమ్మాయి నా భుజం మీదుగా చదివింది. "ఇది అప్పుడే ఉండుంటే మాస్టర్ మనకు ఉండేవారు కాదు గదమ్మా."

"తీసేయనా?"

అది ఆ వాక్యం మళ్ళీ చదివింది. "వచ్చేవాడు మాస్టర్ కాదు గదా" అంది.

ఇవాళ ఆదివారం, నేర్పేది మా అమ్మాయి, వంతు నాది. కాగితం ఒళ్ళో పెట్టుకుని మైదానం అంచున కూర్చున్నాను. ముప్పై మంది పిల్లలు దుమ్ము లేపుతూ పరుగెత్తుతున్నారు. ఎవరో ఎవరినో పేరుపెట్టి అరుస్తున్నారు. ఆ పిల్లల్లో ఒక్కరి చెంప కూడా కందకూడదు. ఒక తప్పు తరువాత మారగలిగే మనిషిని వాళ్ళు పోగొట్టుకోనూ కూడదు. రెండూ నాకు కావాలి. ఆ చివరి వాక్యం ఉంచాలో తీసేయాలో మాత్రం నేను ఇంకా తేల్చుకోలేదు.