ఎండుచేపల దగ్గర విన్న ‘సెట్’

గుంటూరు నుంచి టెక్కలికి ఇంగ్లీషు పాఠం చెప్పడానికి వెళ్లినవాణ్ణి, పొద్దున్నే భావనపాడు సముద్రం చూడ్డానికి వెళ్లాను. ‘సెట్’ అనే ఒక్క క్రియకున్న అర్థాలన్నీ నాకు కంఠతా వచ్చు. ఇరవయ్యేళ్లుగా చెబుతున్నాను, పిల్లలు ఆవలిస్తూనే ఉన్నారు.

ఇసుకలో చేపలు ఎండబెడుతున్న ఒకావిడ ఫోనులో అంటోంది: “గాలి ఇంకా సెట్టవనేదు, సేపలు తిరగెయ్యనేదు. మీ మావ బోటు ఇంజను సెట్ సేత్తన్నాడు. అన్నట్టు, మా పిల్లకి సంబంధం సెట్టయిపోనాది!”

నేను ఇరవయ్యేళ్లుగా చెబుతున్న అర్థాల్ని ఆవిడ ఒక్క గుక్కలో వాడేసిందని నాకు కడుపు మండిపోయింది.

ఆవిడ ఫోను పెట్టేశాక, “ఎక్కడ నేర్చుకున్నావమ్మా?” అన్నాను.

“ఏటి బాబూ, సేపలెండెయ్యడమా? మా అమ్మ కాడ.”

మధ్యాహ్నం క్లాసులో ఆవిడ మాటలే ఉదాహరణలుగా చెప్పాను. ఒక్కరూ ఆవలించలేదు. ఎవరివి సార్ అని అడిగితే, నావే అన్నాను.