బుల్లమ్మ గొంతులు

బుల్లమ్మ నోట పలకని గొంతు లేదు, ఆమె సొంత గొంతు తప్ప. పాలవాడితో మహారాణిలా మాట్లాడేది. గ్యాస్ బుకింగ్ వాళ్ళతో ఐదేళ్ళ పిల్లలా మాట్లాడేది. రానని మొండికేసిన ఆటోవాణ్ణి మంత్రగత్తె గొంతుతో ఒక్క కేక వేస్తే, వాడు మారుమాట లేకుండా బండి స్టార్ట్ చేసేవాడు. కిక్కిరిసిన కొత్తవలస బస్సులో తలమీద కొంగు కప్పుకుని ముసలవ్వలా మూలిగితే కుర్రాళ్ళు లేచి సీటిచ్చేవారు. కూచున్నాక, "కొంచెం ఆ కిటికీ తీస్తారా?" అని కొత్త హీరోయిన్ గొంతుతో అడిగేది. సీటిచ్చినవాడు దిగేదాకా ఆ కొంగు కిందికి అనుమానంగా చూస్తూనే ఉండేవాడు.

ఈ గొంతులన్నిటి మధ్యా పెరిగింది అనూరాధ. బుల్లమ్మ అక్క లక్ష్మణమ్మ కూతురు. తండ్రి చేపల వేటకి వెళ్ళి సముద్రంలోంచి తిరిగి రాలేదు. అనూకి ఐదేళ్ళు నిండకుండానే లక్ష్మణమ్మ కూడా జబ్బుచేసి పోయింది. అప్పటికి హైదరాబాదులో సినిమాలు చేసుకుంటున్న బుల్లమ్మ పెట్టె సర్దుకుని వచ్చేసి, పిల్లతో విజయనగరం కోట వెనక ఒక అద్దె ఇంట్లో దిగింది.

భోగాపురం దగ్గర ఒడ్డున చేపలమ్ముకునే ఇంట్లో పుట్టిన బుల్లమ్మ సినిమాల్లో అరుణశ్రీ అయింది. పేరు మెరిసింది గానీ వేషాలు మెరవలేదు. హీరోయిన్ వెనకాల బిందె పట్టుకునే అమ్మాయి. ఆపరేషన్ గది తలుపు తీసి తల అడ్డంగా ఊపే నర్సు. సినిమా మొదలయ్యేసరికే దండ వేసేసిన ఫోటో. ఎప్పుడైనా మాటలున్న వేషం దొరికితే, "ఆ యాస వద్దమ్మా" అంటూ ఆమె మొహానికి ఇంకెవరి గొంతో తగిలించేవారు. బుల్లమ్మకి పంతం వచ్చింది. డబ్బింగ్ థియేటర్లో ఓ మూల కూచుని, విని విని, యాస వదిలించుకుంది. ఇక చూడండి, హీరోయిన్లకి ఆమే, నాగుపాముకి ఆమే, కార్టూన్ ఎలుగుబంటికి కూడా ఆమే!

"మరి నా వేషానికి నేనే చెప్పుకుంటానండీ" అని ఒక దర్శకుణ్ణి అడిగింది.

"భలేదానివే! అది హీరోయిన్ గొంతని జనానికి తెలిసిపోయింది. ఆ గొంతుతో పనిమనిషి మాట్లాడితే హాల్లో నవ్వుతారు" అన్నాడాయన.

అలా ఆమె మొహం ఒక సినిమాలో, గొంతు ఇంకో సినిమాలో తిరిగాయి గానీ ఎక్కడా ఎదురుపడలేదు. టీవీలో పాత సినిమా వస్తే బుల్లమ్మ ముందుకి జరిగి కూచునేది. తెరమీద తను నోరు తెరవబోయేసరికి సౌండు తీసేసేది.

"ఒక్క సీను చాలే అనూ. ఈ మొహం, ఈ గొంతు ఒక్కచోట చూసుకుంటే చాలు" అనేది. అదీ చిలక గొంతుతోనే. అనూ పకపకా నవ్వేది. నవ్వాక ఎందుకో బెంగ కమ్ముకునేది.

పక్కింట్లో జగన్నాధం గారని రిటైరైన సంగీతం మాస్టారు ఉండేవారు. కుళాయి నీళ్ళ తగాదా తేల్చుకుందామని ఒకరోజు తలుపు కొట్టారు. "అమ్మ ఇంట్లో లేదండీ" అంది లోపల్నించి ఒక చంటిపిల్ల. "ఎవరే అది?" అని దగ్గింది ఒక ముసలమ్మ. "తలుపు తియ్యకండత్తయ్యా!" అంది ఒక కొత్తకోడలు. మాస్టారు నీళ్ళ సంగతి మరిచిపోయి, మర్నాడు సందు మొగలో అనూని ఆపారు.

"అద్దెకి దిగినప్పుడు ఇద్దరమే అన్నారు కదమ్మా! ఇంతమంది ఎప్పుడొచ్చారు?"

బడిలో పేరెంట్స్ మీటింగ్ అంటే అనూకి చలిజ్వరమే. బుల్లమ్మ మహారాణి గొంతుతో "మా కుమారి విద్యాభ్యాసం ఎటులున్నది?" అనగానే లెక్కల మేడం కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది.

"పిన్నీ, బయట మామూలుగా మాట్లాడొచ్చు కదా! అందరూ సూస్తన్నారు."

"మామూలుగానా? అది మాకు తెలియని భాష, కుమారీ!"

ఆ పిల్లకి నవ్వు రాని విషయం ఒక్కటే ఉంది. గోడమీద అమ్మ ఫోటో ఉంది. పెట్టెలో అమ్మ చీర ఉంది. అమ్మ గొంతు మాత్రం ఎక్కడా లేదు. కళ్ళు మూసుకుని ఎంత వెతికినా, అమ్మ పెదవులు కదిలేవి గానీ మాట వినిపించేది కాదు.

"ఇన్ని గొంతులు సేస్తావు కదా పిన్నీ, ఒక్కసారి మా అమ్మ గొంతు సెయ్యవే" అని అడిగేది.

"అదొక్కటీ రాదమ్మా." ఆ మాట ఒక్కటీ బుల్లమ్మ గుసగుసగా చెప్పేది. చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

అనూ ఇంటర్లో ఉండగా భోగాపురం ఒడ్డుకి షూటింగ్ వాళ్ళొచ్చారు. ఊళ్ళో అందరూ అక్కడ రాబోయే విమానాశ్రయం గురించి మాట్లాడుకుంటుంటే, దర్శకుడు ఉమాశంకర్ అనే కుర్రాడు పడవల కోసం, వలల కోసం తిరుగుతున్నాడు. అరుణశ్రీ ఇక్కడే ఉందని ఎవరో చెబితే ఇల్లు వెతుక్కుంటూ వచ్చి చేపలమ్మే తల్లి వేషం ఇచ్చాడు. డబ్బింగ్ లేదట. ఒడ్డున మాట్లాడిందే సినిమాలో ఉంటుందట.

షూటింగ్ రోజున ఇసకలో నిలబడి బుల్లమ్మ తల్లి గొంతులన్నీ తీసింది. త్యాగం చేసే తల్లి, శపించే తల్లి, కొడుకుని జైలుకి పంపే తల్లి. ఉమాశంకర్ ఓపిగ్గా విన్నాడు.

"ఇవన్నీ సినిమాల్లో విన్నవేనమ్మా. మీ గొంతు కావాలి నాకు."

బుల్లమ్మ అనూ వైపు చూసింది. "కుమారీ, నువ్వు పోయి కొబ్బరిబొండాం తాగి రా" అని పంపేసింది. రోడ్డు ఎక్కేదాకా చూసి, అప్పుడు కెమెరా వైపు తిరిగింది.

అనూకి దాహం లేదు, అనుమానం ఉంది. వెనక్కి వచ్చి ఒక పడవ చాటున నిలబడింది.

"యాక్షన్!"

"ఒసే గుంటా! ఎండలో ఏటి సేస్తన్నావే? కూడు సల్లారిపోతంది, బేగి రాయే!"

అనూ కాళ్ళు కదిలాయి. తను నడుస్తున్నట్టు తనకే తెలీదు. పడవ దాటి, తాళ్ళు దాటి, కూతురి వేషం వేసిన పిల్లని కూడా దాటుకుని, సరాసరి కెమెరా ముందుకి వచ్చి బుల్లమ్మ ఎదుట నిలబడింది.

"కట్! ఎవరమ్మా నువ్వు? ఎందుకొచ్చావు?" అని అరిచాడు ఉమాశంకర్.

"అన్నానికి పిలిచారు కదండీ" అంది అనూ. అంటూనే, కళ్ళు మూసుకుంటే కదిలీ పలకని అమ్మ పెదవులకి మాట దొరికినట్టయి, కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

బుల్లమ్మ ఆమెని పడవ నీడలోకి లాక్కుపోయింది. దాచడానికి ఇంక ఏ గొంతూ మిగల్లేదు.

"మాయప్పదీ, అదే మీ యమ్మదీ, నాదీ ఒకటే గొంతే. మాయమ్మకే తెలిసేది కాదు, ఎవులు పిలిసినారో. మీ యమ్మ పోయిన కొత్తలో నిన్ను కూటికి పిలిసినాను. అమ్మొచ్చీసింది అని నువ్వు మంచాల కిందా, తలుపు ఎనకాలా, ఇల్లంతా ఎతికినావు. దొరకనేదని కూడు ముట్టనేదు. మరింక నాను నా గొంతుతో ఎలగ మాటాడతానే? సిలకనాగ, రాణీనాగ పిలిస్తే నవ్వీసి రెండు ముద్దలు తినేసేదానివి."

"నాకు గురుతు నేదు పిన్నీ."

"నాకుంది కదేటి."

అనూ ఆమె చెయ్యి పట్టుకుని తనే కెమెరా ముందుకి తీసుకెళ్ళి నిలబెట్టింది. తను ఉమాశంకర్ పక్కన ఇసకలో చతికిలబడింది.

రెండో టేకు అద్భుతంగా వచ్చింది. బుల్లమ్మ మొహం, బుల్లమ్మ గొంతు మొదటిసారి ఒకచోట నిలబడి జనాన్ని చూశాయి. చుట్టూ చేరిన చేపల ఆడవాళ్ళు, "అచ్చం మనలాగే తిడతన్నాది!" అని చప్పట్లు కొట్టారు.

"ఓకే! చాలా బాగుంది" అన్నాడు ఉమాశంకర్.

"బాగోలేదు సార్" అంది అనూ. "గాలి చప్పుడొచ్చింది. ఇంకోసారి."

ఇంకోసారి అయింది. ఈసారి కాకి అరిచిందంది అనూ. ఆ తర్వాత పడవ కదిలిందంది. సౌండు కుర్రాడు చెవులకి పెట్టుకున్నది తీసి, తనకి వినపడని కాకి కోసం ఆకాశమంతా చూశాడు.

"ఒసే, నా గొంతు ఆరిపోతందే! ఇంకెన్నిసార్లే?" అని కసిరింది బుల్లమ్మ.

అనూ రెండు చేతులూ గెడ్డం కింద పెట్టుకుని కూచుంది.

"ఇలాగే తిడతా ఉండు పిన్నీ. నాకేటీ తొందర నేదు."