అటక మీద కురిడీలు

అప్పట్లో నేను అమలాపురంలో ఒక కాలేజీలో ఎకనామిక్స్ చెబుతుండేవాణ్ణి. మనిషి లాభనష్టాలు బేరీజు వేసుకునే ఏ పనైనా చేస్తాడని పొద్దున్న క్లాసులో చెప్పి, సాయంత్రం ముక్తేశ్వరం దగ్గరున్న మా ఊరికి వస్తే, ఆ సిద్ధాంతం పట్టని మనిషి మా ఇంట్లోనే అటక మీద కూర్చుని ఉండేవారు. మా నాన్నగారు.

కొబ్బరికాయల్ని వలవకుండా నెలల తరబడి అటక మీద ఉంచితే లోపలి నీరు ఇంకిపోయి, కొబ్బరి చిప్పను వదిలేస్తుంది. అదే కురిడీ. చెవి దగ్గర పెట్టి ఆడిస్తే లోపల గుండు కదిలిన చప్పుడవుతుంది. నాన్నగారు రోజూ కాఫీ తాగి అటకెక్కి కాయలు ఆడించి వినేవారు. నా పరీక్షల మార్కులు చెప్పినప్పుడు కూడా ఆయన అంత శ్రద్ధగా విన్నట్టు నాకు గుర్తు లేదు.

ఒక ఏడు ధర పడిపోయింది. అంతకుముందు ఏడు పలికిన ధర వచ్చేదాకా కాయ దించేది లేదన్నారు. ఇంతలో అటక దూలం ఒకటి బీటలిచ్చింది. సరిగ్గా దాని కిందే ఆయన మంచం. వానలు మొదలవకముందే అటక ఖాళీ చెయ్యమని అమ్మ పోరు పెట్టేది. పోనీ మంచమైనా జరపమంటే, గాలి అక్కడే తగులుతుందనేవారు. రాత్రిళ్లు నాకు నిజంగానే భయం వేసేది. నాకు తెలిసిన ఎకనామిక్స్ అంతా ఆయనకు చెప్పాను. ఓపిగ్గా విని "ఆయ్" అన్నారు. కాయ మాత్రం దిగలేదు.

ఇక లాభం లేదని మా కాలేజీలో జువాలజీ చెప్పే మాస్టారిని వెంటబెట్టుకొచ్చాను. మెదడు గురించి ఏ పుస్తకం దొరికినా వదలని మనిషి. ఆయన నాన్నగారిని సూటిగా అడిగారు.

"ఈ కాయలు మీవి కావనుకోండి. ఇవాళ్టి ధరకి మీరు కొంటారాండీ?"

"ఇంకా పడేలా ఉంటే ఎవరు కొంటారండీ?"

"మరి అమ్మెయ్యరేం?"

"అదేంటి మాస్టారూ. ఇవి నా కాయలు కదండీ."

వెళ్లేటప్పుడు గుమ్మంలో మాస్టారు నన్నే ఆటపట్టించారు. చేతిలోది పోతుందంటే మెదడు దెబ్బ తగిలినంత బాధపడుతుందట. ఆ నొప్పికి నా గ్రాఫుల్లో చోటెక్కడుందని అడిగారు. మాస్టారు తాగిన మంచినీళ్ల గ్లాసు తీసుకెళ్లడానికి నిలబడ్డ అమ్మ ఇదంతా వింది.

మర్నాడు కాయల వ్యాపారిని తనే పిలిపించింది. నాన్నగారితో ఒక్క మాట అంది.

"మీకు నచ్చిన కాయ ఒకటి ఉంచేసుకోండి. అది మాత్రం ఎవరికీ ఇవ్వం."

ఆయన పూటంతా ఆడించి ఆడించి ఒకటి ఎంచుకున్నారు. మిగతావి బళ్లోకి ఎక్కుతుంటే దాన్ని తీసుకెళ్లి మళ్లీ అటక మీద పెట్టుకున్నారు. వానలకి ముందే దూలం మార్పించాం.

నాన్నగారు కాలం చేసిన ఏడాది ఆ వ్యాపారే వచ్చి, అటక మీద మిగిలిన ఆ కాయ చూసి, పురుగు పట్టేసి ఉంటుంది, పొయ్యిలోకి తప్ప పనికిరాదండీ అన్నాడు. కిందికి దించి చెవి దగ్గర ఆడించాను. ఏ చప్పుడూ లేదు.

"ఉండనివ్వండి," అన్నాను. "ఇది నాన్నగారి కాయండీ."